ప్లాస్టిక్‌కు కరెంటు పారే గుణం రావాలంటే నానోట్యూబులే కావాలా? సీమ యూనిట్లకు ఒక పోలిక

కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మన వైపు చిన్న మౌల్డింగ్ యూనిట్ల వాళ్లు కొత్త మాటలు మాట్లాడుతున్నారు. "ట్రే కావాలంట, స్టాటిక్ మాత్రం ఉండకూడదంట." "కవర్ ప్లాస్టిక్‌దే, దానికి ఎర్త్ ఇవ్వాలంట." ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "కార్బన్ నానోట్యూబులు కలిపితే అయిపోతుందంట కదన్నా, ఎంతవుతుంది?"

అవుతుంది. కానీ అడిగేవాళ్లలో సగం మందికి నానోట్యూబుల (కంటికి కనబడనంత సన్నటి కార్బన్ గొట్టాల) అవసరం ఉండదు. మిగతా సగంలో కొందరికి అవే సరైన దారి, అయితే పొడి రూపంలో కొనకూడదు. ఎవరు ఏ సగంలో ఉన్నారో తేల్చుకోవడానికే ఈ పోలిక.

## ముందు ఓముల లెక్క

దుకాణానికి వెళ్లే ముందు మీ దగ్గర ఒక అంకె ఉండాలి: ఉపరితల నిరోధం, అంటే ప్లాస్టిక్ పైభాగం కరెంటును అడ్డుకునే గుణం, ఎంతకు దిగాలి? దీన్ని చదరానికి ఓముల్లో చెప్తారు. చదరం ఎంత పెద్దదైనా, అంగుళమైనా అడుగైనా, అంకె మారదు.

మామూలు పాలీప్రొపైలీన్, ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్‌లు 10¹² ఓముల పైనే ఉంటాయి. అంటే లక్ష కోట్లకు పైన. వాటి మీద చేరిన చార్జ్ ఎక్కడికీ పోలేదు, గంటల తరబడి అక్కడే కూర్చుంటుంది. స్టాటిక్ అంటే అదే. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ పనులు మారతాయి:

10⁹ నుంచి 10¹¹ వరకు ఉంటే దుమ్ము అంటుకోవడం తగ్గుతుంది. 10⁴ నుంచి 10¹¹ మధ్య ఉన్నదాన్ని స్టాటిక్‌ను మెల్లగా దించే రకం అంటారు. సర్క్యూట్ బోర్డుల ట్రేలు, డబ్బాలు ఈ మధ్యలోనే ఉంటాయి. ఎక్కువ మంది కస్టమర్లు 10⁶ నుంచి 10⁹ అడుగుతారు. కారు విడిభాగానికి ఎలెక్ట్రోస్టాటిక్ పెయింట్ పట్టాలంటే 10⁵, 10⁶ ప్రాంతానికి రావాలి. 10⁴ కంటే తగ్గితే దాన్ని కండక్టివ్ అనే పిలుస్తారు. ఇక మొబైల్, మోటార్ కంట్రోలర్ లాంటి వాటి రేడియో అల్లరిని ఆపే షీల్డింగ్ కావాలంటే పది ఓములకు, వీలైతే ఒక ఓముకు దిగాలి.

చూడండి, పై అంకెకూ కింది అంకెకూ మధ్య లక్ష కోట్ల రెట్ల తేడా ఉంది. "కరెంటు పారాలి" అనే ఒక్క మాటతో ఇంత తేడాను దాటలేం. ట్రే అడిగినవాడికి షీల్డింగ్ సరుకు అమ్మితే డబ్బు దండగే కాదు, సరుకు కూడా పనికిరాదు: మరీ ఎక్కువ కండక్టివ్ అయిన ట్రేలో చార్జ్ ఉన్న చిప్‌ను పెడితే ఆ చార్జ్ ఒక్క దెబ్బకు దిగి చిప్‌నే కాలుస్తుంది. మెల్లగా దిగాలి, అందుకే ఆ మధ్య అంకె.

## గాలి సంగతి

బెంగళూరులోనో చెన్నైలోనో రాసిన సలహా ఇక్కడ ఎదురుతిరిగేది ఈ విషయంలోనే. అనంతపురం దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం లోపుకు పడిపోతుంది. కర్నూలు, కడప ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. గాలి ఎంత ఎండితే స్టాటిక్ అంత పేరుకుంటుంది. మనిషి ఒంటి మీద కొన్ని వేల వోల్టులు చేరడం అప్పుడు మామూలు విషయం. సుమారు 3,000 వోల్టులు దాటాకే మనకు చిటుక్కుమని తెలుస్తుంది. సున్నితమైన చిప్ పాడవడానికి అందులో ముప్పయ్యో వంతు చాలు, మనకు తెలియకుండానే.

కాబట్టి తేమ మీద ఆధారపడే ఏ పద్ధతినైనా ఇక్కడ అనుమానంగానే చూడాలి. సప్లయర్ టెస్ట్ రిపోర్టులో 50 శాతం తేమ దగ్గర కొలిచామని ఉంటే, 12 శాతం దగ్గర కొలిచిన కాగితం కూడా అడగండి. ఈఎస్‌డీ సరుకుల (స్టాటిక్ దెబ్బ నుంచి కాపాడే సరుకుల) పరీక్షల్లో 12 శాతం అనేది మామూలుగా వాడే అంకెనే.

మిగతా కొలమానాలు త్వరగా చెప్పుకుందాం: ముక్కలు ఎన్ని (వంద ముక్కలకూ లక్ష ముక్కలకూ పద్ధతి ఒకటి కాదు), రంగు ఏదైనా పర్వాలేదా, ఆ ఉపరితలం రోజూ రాపిడికి గురవుతుందా, కడుగుతారా, ఎండలో ఉంటుందా. వీటికి జవాబులు ఒక కాగితం మీద రాసుకుని కింది పట్టిక చూడండి.

| పద్ధతి | చేరే నిరోధం (చదరానికి ఓములు) | ఎండు గాలిలో | రంగు | ఎవరికి |
|---|---|---|---|---|
| పైకి ఊరే యాంటీస్టాటిక్ మందు | 10⁹–10¹² | దెబ్బతింటుంది | ఏదైనా | ప్యాకింగ్, దుమ్ము బాధ |
| శాశ్వత యాంటీస్టాటిక్ పాలిమర్ | 10⁸–10¹¹ | చాలావరకు నిలుస్తుంది | ఏదైనా | రంగు కావలసిన డబ్బాలు |
| కండక్టివ్ కార్బన్ బ్లాక్ (సన్నటి మసి) | 10²–10⁶ | నిలుస్తుంది | నలుపే | బరువైన డబ్బాలు, ప్యాలెట్లు |
| బహుళపొర నానోట్యూబులు (గొట్టంలో గొట్టం) కలపడం | 10³–10⁹ | నిలుస్తుంది | నలుపు | ట్రేలు, పెయింట్ పట్టే భాగాలు |
| ఏకపొర నానోట్యూబులు (ఒకే పొర గొట్టం) కలపడం | 10⁴–10⁹ | నిలుస్తుంది | మసక రంగులు సాధ్యం | రంగు, బలం రెండూ కావాలంటే |
| నానోట్యూబుల పూత | 10²–10⁸ | నిలుస్తుంది | పలుచగా వేస్తే పారదర్శకం | కొద్ది ముక్కలు, ప్రాజెక్టులు |
| నికెల్, వెండి పెయింట్, లోహపు పూత | ఒకటి రెండు ఓములు, అంతకు తక్కువ | నిలుస్తుంది | లోహపు రంగు | షీల్డింగ్ |

పట్టికలో అంకెలు హద్దులు మాత్రమే. మీ మిషన్‌లో, మీ ప్లాస్టిక్‌తో ఎక్కడ పడతారో కొలిస్తేనే తెలుస్తుంది.

## అన్నిటికన్నా చవకది, ఇక్కడ అన్నిటికన్నా బలహీనమైనది

గ్లిజరాల్ మోనోస్టియరేట్ లాంటి మందులు ఒక శాతం లోపే కలుపుతారు. మౌల్డ్ అయ్యాక ఒకటి రెండు రోజుల్లో అవి లోపలి నుంచి పైకి ఊరి, గాలిలోని తేమను పట్టి ఒక పలుచటి పొరలా తయారవుతాయి. కరెంటు పారేది నిజానికి ఆ నీటి పొరలో. గాలిలో నీళ్లే లేకపోతే? మన మే నెలలో అదే జరుగుతుంది. తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిచినా మందు పోతుంది. ప్యాకింగ్ కవర్లకు సరే. కొప్పర్తికి వెళ్లే ట్రేకు నేనైతే ఒప్పుకోను.

శాశ్వత రకం అంటే పాలీఈథర్ గొలుసులున్న పాలిమర్‌ను 10 నుంచి 20 శాతం దాకా కలపడం. ఇది పైకి ఊరదు, కడిగినా పోదు. ఎర్ర డబ్బా, నీలం డబ్బా అని రంగుల వారీగా సరుకు వేరు చేసుకునే స్టోర్లకు దీన్నే చూపిస్తాను. నిరోధం మరీ దిగదు, అదొక్కటే లోటు.

## కార్బన్ బ్లాక్: పాత కాపు

అనంతపురం పొలాల్లో డ్రిప్ పైపు చూడని వాళ్లుండరు. అది నల్లగా ఉండటానికి కారణం కార్బన్ బ్లాకే, ఎండకు పైపు చిట్లకుండా రెండు, రెండున్నర శాతం కలుపుతారు. మరి ఆ పైపులో కరెంటు పారుతుందా? పారదు. మెగ్గర్ (పెద్ద ఓములు కొలిచే మీటరు) పెట్టి చూడండి, ముల్లు కదలదు. "నల్ల ప్లాస్టిక్ కదా, కండక్టివే" అని ఎవరైనా సరుకు అంటగడితే ఈ డ్రిప్ పైపును గుర్తు చేసుకోండి.

పారాలంటే కార్బన్ కణాలు ఒకదాన్నొకటి తాకుతూ ఈ చివర నుంచి ఆ చివరికి దారి కట్టాలి. పెన్నలో నీళ్లున్న ఏడాది అనుకుందాం (అనుకోవడానికేం). ఆ ఒడ్డుకు చేరడానికి గుండ్రాళ్లు వేసుకుంటూ పోతే వందలు కావాలి. పొడుగాటి వెదురు గడలు ఎలా పడితే అలా పడేసినా కొన్నిటితోనే దారి కలుస్తుంది. కార్బన్ బ్లాక్ గుండ్రాళ్లు, నానోట్యూబులు వెదురు గడలు. అందుకే మామూలు కార్బన్ బ్లాక్ 15 నుంచి 25 శాతం పోయాలి, ప్రత్యేకమైన కండక్టివ్ గ్రేడ్ అయినా 5 నుంచి 10 శాతం దాకా కావాలి.

ఇరవై శాతం మసి పోసిన ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. కిందపడితే మూల విరుగుతుంది. వేలితో రుద్దితే నలుపు అంటుకుంటుంది, ఆ నలుపు సర్క్యూట్ బోర్డు మీద రాలితే కొత్త తలనొప్పి. ఇంకో చిక్కు: కార్బన్ బ్లాక్ శాతం కొద్దిగా పెంచగానే నిరోధం 10¹² నుంచి ఒక్కసారిగా 10⁴కు జారిపోతుంది. మధ్యలో 10⁷ దగ్గర ఆపడం చాలా కష్టం. బ్యాచ్‌కు ఒక అంకె వస్తుంది.

అయినా దీన్ని తీసిపారేయకండి. బరువు మోసే ప్యాలెట్, మందపాటి డబ్బా, ఎర్త్ చేసిన చెత్తబుట్ట లాంటి వాటికి, నలుపైనా ఫర్వాలేదు అనుకునేచోట, దీనికి మించిన చవక దారి లేదు.

## నానోట్యూబులు కలపడం

1991లో జపాన్‌లో సుమియో ఇజిమా బహుళపొర నానోట్యూబుల గురించి ప్రచురించాక అందరి చూపూ వీటి మీద పడింది. ఏకపొరవి 1993లో వచ్చాయి. ఫ్యాక్టరీ వాడకం కూడా కొత్తదేమీ కాదు. కార్ల పెట్రోల్ పైపుల నైలాన్‌లో స్టాటిక్ నిలవకుండా 1990లలోనే వీటిని కలిపారు.

బజారులో దొరికే బహుళపొర రకం సుమారు పది నానోమీటర్ల మందం, ఒకటి రెండు మైక్రాన్ల పొడవు ఉంటుంది. అంటే మందానికి వంద రెట్లకు పైన పొడవు. అదే దాని బలం. ప్లాస్టిక్‌లో 1 నుంచి 5 శాతం వేస్తే చాలు. శాతం పెంచితే నిరోధం దిగే తీరు కూడా కార్బన్ బ్లాక్ కంటే కాస్త అదుపులో ఉంటుంది, 10⁶, 10⁷ దగ్గర నిలబెట్టడం తేలికవుతుంది. బలం పెద్దగా తగ్గదు, మసి రాలదు.

ధర విషయంలో చాలామంది తప్పు లెక్క వేస్తారు. కిలో నానోట్యూబుల ధర అడిగి గుండె పట్టుకుంటారు. మీరు అడగవలసింది కిలో ప్లాస్టిక్‌కు ఎంత పడుతుందని. ఉదాహరణకు కిలో పాలీప్రొపైలీన్‌కు కార్బన్ బ్లాక్ 200 గ్రాములు పోస్తే, నానోట్యూబులు 30 గ్రాములు. ఆ 30 గ్రాములు పొడిగా కాకుండా 15 శాతం మాస్టర్‌బ్యాచ్ (ముందే ప్లాస్టిక్‌లో చిక్కగా కలిపిన గ్రాన్యూల్స్) రూపంలో కొంటే 200 గ్రాముల గ్రాన్యూల్స్ వేస్తారు, మిగతా 800 మామూలు గ్రాన్యూల్స్. హాపర్‌లో రంగు మాస్టర్‌బ్యాచ్ వేసినట్టే. విరిగి వాపసు వచ్చే సరుకు తగ్గితే ఆ మిగులు కూడా లెక్కలో కలపండి. అప్పుడు కూడా కార్బన్ బ్లాక్ కంటే ఖరీదే పడొచ్చు, కానీ మొదట భయపెట్టినంత తేడా ఉండదు.

ఇక అసలు చిక్కు. గ్రాన్యూల్స్‌లో సరిగ్గా ఉన్న నిరోధం ముక్కలో రాకపోవడం. సప్లయర్ 10⁵ అన్నాడు, మీ ట్రే మీద 10¹⁰ వస్తుంది. మోసం అనుకునే ముందు ఒక పని చేయండి. ఆ ట్రే మూలలో నీళ్లు చిలకరించి, సన్నటి వాటర్ పేపర్‌తో నాలుగు గీకులు గీకి, తుడిచి ఆరాక మళ్లీ కొలవండి. అంకె అమాంతం దిగితే నానోట్యూబులు లోపల ఉన్నట్టే. పై పొరలోనే దారి తెగింది. ఎందుకంటే కరిగిన ప్లాస్టిక్ చల్లటి డైని (అచ్చును) తాకగానే పై పొర లాగబడి గడ్డకడుతుంది. ట్యూబులన్నీ ప్రవాహం వైపు వరుసగా పడుకుంటాయి, ఒకదాన్నొకటి తాకవు. మందు: డై వేడి పెంచండి, మెల్ట్ వేడి కొంచెం పెంచండి, ఇంజెక్షన్ వేగం తగ్గించండి. సైకిల్ టైమ్ కొన్ని సెకన్లు పెరుగుతుంది. గేట్ (ప్లాస్టిక్ డైలోకి వచ్చే చోటు) దగ్గర ఒకటి, చివరన ఒకటి కొలిచి రెండూ హద్దులో ఉన్నాయా చూడండి. నానోట్యూబులు కలిసిన మెల్ట్ చిక్కబడుతుందని కూడా గుర్తుంచుకోవాలి; పలుచటి గోడలున్న డై అయితే చివరి మూల నిండకపోవచ్చు.

వేగంగా, చల్లటి డైలో కొట్టి సైకిల్ టైమ్ ఆదా చేసే అలవాటున్న యూనిట్‌కు ఈ సరుకు చిరాకు పుట్టిస్తుంది. అలాంటి చోట ముక్క మామూలుగా చేసుకుని పైన పూత వేయించడమే నయం.

ఏకపొర రకం 0.05 నుంచి 0.5 శాతానికే పనిచేస్తుంది, అంటే కిలోకు ఐదు గ్రాముల లోపే. అంత తక్కువ కాబట్టి బూడిద, ముదురు నీలం లాంటి రంగులు కూడా వస్తాయి. కానీ అంత తక్కువ సరుకును సమంగా చెదరగొట్టడం ఇంకా కష్టం, ధర చాలా ఎక్కువ. రంగు తప్పనిసరి, శాశ్వత యాంటీస్టాటిక్ ఇచ్చే 10⁸ చాలదు అనే ఇరుకులో ఉన్నవాళ్లకే ఇది.

ఒక మాట. నానోట్యూబు ఒంటరిగా అద్భుతమైన వాహకం. కానీ ప్లాస్టిక్‌లో కరెంటు ఒక ట్యూబు నుంచి ఇంకో ట్యూబుకు దూకుతూ పోవాలి, ఆ కీళ్ల దగ్గరే నిరోధమంతా. అందుకే ఎన్ని కలిపినా రాగి తీగ కాదు. బల్బు వెలిగించే కరెంటును దీంట్లోంచి పంపాలనుకునేవాళ్లు తీగే వాడుకోవాలి.

## పైన పూత వేయడం

ముక్కలు కొద్దిగా ఉన్నప్పుడు, లేదా ప్లాస్టిక్ లోపలి గుణం మారకూడదన్నప్పుడు పూతే దారి. నానోట్యూబులను నీళ్లలో చెదరగొట్టి ఉంచడానికి డిటర్జెంట్ జాతి రసాయనం వేసి, అల్ట్రాసోనిక్ ప్రోబ్‌తో కలుపుతారు. ఎక్కువసేపు కలిపితే ట్యూబులు తునిగి పొట్టివవుతాయి, పొట్టివైతే వెదురు గడ కాస్తా గుండ్రాయి అవుతుంది. కాబట్టి సొంతంగా చేసుకోవడం కంటే తయారైన ద్రావణం కొనడమే మేలు.

పూత నిలవడం నిలవకపోవడం స్ప్రే గన్ పట్టకముందే తేలిపోతుంది. పాలీప్రొపైలీన్ మీద నీళ్లు పోయండి. చుక్కలు చుక్కలుగా విడిపోయి జారిపోతాయి. మీ పూత కూడా అలాగే పోతుంది, సెలోటేప్ వేసి లాగితే పొర మొత్తం టేప్‌తో వచ్చేస్తుంది. గ్యాస్ మంటను ఉపరితలం మీద ఆగకుండా వేగంగా తిప్పి, చల్లారాక మళ్లీ నీళ్లు పోయండి. ఈసారి నీళ్లు ఒకే పలుచటి దుప్పటిలా పరుచుకుని కొన్ని సెకన్లు నిలిస్తే ఉపరితలం సిద్ధమైంది. పెద్ద యూనిట్లలో ఇదే పనిని కరోనా, ప్లాస్మా మిషన్లు చేస్తాయి. ఈ గుణం రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, కాబట్టి మంట చూపించిన రోజే పూత వేయాలి. ఏబీఎస్, పాలీకార్బొనేట్‌లకు ఇంత బాధ లేదు. వాటికి కాస్త కరిగించే ద్రావకంలో నానోట్యూబులు కలిపి వేస్తే పై పొర మెత్తబడి ట్యూబులు అందులో వేళ్లూనుకుంటాయి, రాపిడికి బాగా నిలుస్తాయి. ద్రావకం ఘాటైతే మాత్రం పాలీకార్బొనేట్ సన్నగా పగుళ్లు తీస్తుంది. ముందు ఒక తునక మీద చూడండి.

ముక్కను 60 డిగ్రీల దాకా వేడి చేసి, ఒకేసారి మందంగా కాకుండా పలుచగా పలుమార్లు చల్లాలి. మందంగా చల్లితే చుక్క ఆరేటప్పుడు సరుకంతా అంచుకు చేరి వలయాలు కడుతుంది. మన ఎండాకాలంలో దీనికి వ్యతిరేకమైన బాధ ఒకటుంది: మధ్యాహ్నం 42 డిగ్రీల్లో షెడ్డులో చల్లితే చుక్క ముక్కను చేరేలోపే గాలిలోనే ఆరిపోయి పొడిలా పడుతుంది. పొద్దున్నే చల్లుకోవడం, గన్‌ను దగ్గరగా పెట్టడం తప్ప చవకైన మందు లేదు. ఆరాక మెల్లగా నీళ్లతో కడిగితే డిటర్జెంట్ పోయి నిరోధం ఇంకా దిగుతుంది. చివరగా పలుచటి రక్షణ పొర వేయకపోతే చేతి రాపిడికి పూత నెలల్లో అరిగిపోతుంది. మందంగా వేస్తే అదే మళ్లీ ఇన్సులేటర్ అవుతుంది.

పారదర్శకంగా కావాలంటే కూడా నానోట్యూబుల పలుచటి పొర పనికొస్తుంది. వెలుతురు 80, 90 శాతం దాటనిస్తూ కొన్ని వందల ఓములకు చేరొచ్చు. ఫోన్ తెరల్లో వాడే ఇండియం టిన్ ఆక్సైడ్ ఇంతకంటే బాగా పారనిస్తుంది, కానీ వంచితే పగులుతుంది. పెడాట్ అనే కండక్టివ్ పాలిమర్ ద్రావణం చవకగా, తేలికగా పూయొచ్చు, కాస్త నీలి ఛాయ ఉంటుంది. ఎండలో, తడిలో క్షీణిస్తుంది. మన ఎండలో బయట పెట్టే వస్తువుకు నేను దాన్ని ఎంచుకోను.

షీల్డింగ్ కావలసినవాళ్లు ఇక్కడే ఆగి లోహం వైపు వెళ్లండి. నికెల్ పెయింట్ డబ్బా లోపలి వైపు కొడితే ఒకటి రెండు ఓములకు దిగుతుంది. ఏబీఎస్‌కు రసాయన పద్ధతిలో నికెల్, రాగి పూత వేయించడం ఇంకా గట్టిది, కానీ అందులో ముందు దశలో వాడే క్రోమిక్ ఆమ్లం విషం. దాని మురుగునీటిని శుద్ధి చేసే ఏర్పాటు లేని చిన్న షెడ్డులో ఆ పని పెట్టుకోకూడదు. ఆర్డర్ వస్తే అలాంటి సదుపాయం ఉన్నవాళ్లకు ఇవ్వండి.

## ఎవరికి ఏది

కొప్పర్తికో బెంగళూరుకో బోర్డు ట్రేలు వేసేవాళ్లు, నెలకు వేలల్లో ముక్కలు పోతుంటే: బహుళపొర నానోట్యూబుల మాస్టర్‌బ్యాచ్. డై వేడి పెంచుకునే ఓపిక ఉండాలి. వందల్లో మాత్రమే పోతుంటే కలిపి తయారుచేసిన కాంపౌండ్ కొని నేరుగా హాపర్‌లో పోసుకోండి, కిలోకు ఎక్కువైనా తలనొప్పి తక్కువ.

పెనుకొండ చుట్టుపక్కల ఆటో విడిభాగాలకు పెయింట్ వేసేవాళ్లు: ముక్క నిర్మాణ బలం కాపాడుకోవాలి కాబట్టి నానోట్యూబులు కలిపిన ప్లాస్టిక్, లేదా కండక్టివ్ ప్రైమర్. కలిపితే ప్రైమర్ దశ ఎగిరిపోతుంది. ఆ ఒక్క దశ ఖర్చు ఎంతో మీకే తెలుసు, దాంతో పోల్చుకోండి. ప్యాకింగ్ లాగా కస్టమర్ అనుమతి లేకుండా మార్చే వీలుండదు, కాబట్టి ముందు మాట్లాడుకోవాలి.

పొడి పని చేసేవాళ్లు: మంగంపేట బైరైటీస్, సున్నపురాయి పొడి నిప్పు అంటుకునేవి కావు. పైపులో పొడి అతుక్కోవడం, కార్మికులకు షాక్ కొట్టడం, అంతవరకే బాధ. అక్కడ కార్బన్ బ్లాక్ పైపు, ఎర్త్ చాలు, నానోట్యూబులకు ఖర్చు పెట్టకండి. కడప పసుపు మిల్లు, కారంపొడి మిల్లు సంగతి వేరు, ఆ ధూళి గాలిలో దట్టంగా లేస్తే పేలగలదు. ఆదోని జిన్నింగ్ మిల్లులో దూది నిప్పు సంగతీ చిన్నది కాదు. అలాంటి చోట, ద్రావకాలు వాడే చోట ప్లాస్టిక్ ఎంపిక ఒక్కటే సరిపోదు, ఫ్యాక్టరీ భద్రత తెలిసిన ఇంజినీరును పిలిపించాలి.

అనంతపురం జేఎన్‌టీయూ, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, యోగి వేమన యూనివర్సిటీ లాంటి చోట్ల ప్రాజెక్టు చేసే పిల్లలు: స్ప్రే పూత. తయారైన ద్రావణం చిన్న సీసా, పాలీకార్బొనేట్ రేకు ముక్కలు, మెగ్గర్. ఎన్నిసార్లు చల్లితే నిరోధం ఎంత దిగిందో గ్రాఫ్ గీస్తే దారి కలిసిన చోట గీత ఎలా పడిపోతుందో కళ్లారా కనబడుతుంది. పొడి కొని కాలేజీ ల్యాబ్‌లో కలపాలని చూడకండి, ఎందుకో కింద చెప్తాను.

రిమోట్ బటన్ కింద అరిగిన కార్బన్ చుక్క బాగుచేసే రిపేరు షాపుకు ఇవేవీ వద్దు. గ్రాఫైట్ పెయింట్ చిన్న సీసా చాలు.

## ఇంట్లోనే కొలవడం

మల్టీమీటర్ రెండు ముళ్లను ప్లాస్టిక్ మీద గుచ్చితే వచ్చే అంకెకు అర్థం లేదు. రాగి రేకు పట్టీలు రెండు తీసుకోండి, ఒక్కోటి ఐదు సెంటీమీటర్ల పొడవు. వాటిని సమాంతరంగా, సరిగ్గా ఐదు సెంటీమీటర్ల ఎడంతో పెట్టి, కింద మెత్తటి రబ్బరు ముక్క ఆనించి బరువు పెట్టండి. పట్టీ పొడవు, ఎడం సమానమైతే మధ్యలో పడేది ఒక చదరం. అప్పుడు మీటరు చూపేదే సుమారుగా చదరానికి ఓములు. పది లక్షల దాకా మల్టీమీటర్ చాలు, ఆపైన ఎలక్ట్రీషియన్ దగ్గరుండే మెగ్గర్‌ను 100 వోల్టుల మీద పెట్టి చూడండి. కస్టమర్‌కు ఇచ్చే రిపోర్టుకు మాత్రం వలయాకార ప్రోబ్ ఉన్న పరికరం కావాలి. వీలైతే వానాకాలంలో ఒకసారి, మే మధ్యాహ్నం ఒకసారి కొలవండి. ఆ రెండంకెల తేడాయే మీ సరుకు ఏ జాతిదో చెప్పేస్తుంది.

## ఎర్త్ లేకపోతే ఇంకా ప్రమాదం

ఇది చాలామందికి తోచదు. మామూలు ప్లాస్టిక్ మీద చార్జ్ అక్కడక్కడా అతుక్కుని ఉంటుంది, తాకితే ఆ చోటిదే దిగుతుంది. అదే ప్లాస్టిక్‌ను కండక్టివ్ చేసి ఎర్త్ ఇవ్వకుండా వదిలేస్తే ఉపరితలం మీది చార్జ్ మొత్తం ఒకే నిప్పురవ్వగా దిగుతుంది. పెట్రోల్ ఆవిరి అంటుకోవడానికి 0.2 మిల్లీజూల్ అటూ ఇటూ చాలు. పది వేల వోల్టులు చేరిన మనిషి ఒంట్లోనే 5 మిల్లీజూళ్లుంటాయి. ఎర్త్ చేయని కండక్టివ్ డబ్బాలో ద్రావకం పోయడం కంటే మామూలు డబ్బాయే నయమనిపించే సందర్భాలున్నాయి.

మన నేల రాతినేల, ఎండినేల, ఎర్త్ పిట్‌లో ఓములు దిగవని బాధపడేవాళ్లకు ఒక ఊరట. స్టాటిక్ కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది, పది లక్షల ఓముల లోపు దారి ఉన్నా దిగిపోతుంది. మోటారు షార్ట్ అయితే కాపాడే ఎర్త్‌కు ఒకటి రెండు ఓములు కావాలి గానీ దీనికి అక్కర్లేదు. ఇక్కడ తెగేది ఎక్కువగా క్లాంపు దగ్గర: పెయింట్ మీద బిగించడం, తుప్పు మీద బిగించడం. క్లాంపు ముల్లు పెయింట్‌ను చీల్చుకుని లోపలికి దిగాలి.

## పొడి కొనవద్దు అన్నది ఎందుకు

నానోట్యూబుల పొడి చాలా తేలిక, మూత తీస్తే లేస్తుంది. సన్నటి, పొడవాటి నూలుపోగుల్లాంటి కణాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్బెస్టాస్‌లాంటి హాని చేయొచ్చన్న అనుమానం జంతువుల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చింది. ఒక బహుళపొర రకాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందన్న జాబితాలో చేర్చింది. మిగతా రకాల మీద చెప్పడానికి ఆధారం చాలదంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 2013లో పెట్టిన హద్దు ఘనమీటరు గాలికి ఒక మైక్రోగ్రాము. అంత తక్కువను మన షెడ్డు ఫ్యాన్ కింద అదుపు చేయడం కుదరదు. ప్లాస్టిక్‌లో గట్టిగా ఇరుక్కున్నప్పుడు, నీళ్లలో కలిసి ఉన్నప్పుడు ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. అందుకే మాస్టర్‌బ్యాచ్, లేదా ద్రావణం. ద్రావణం స్ప్రే చేసేటప్పుడు తుంపర గాలిలో తేలుతుంది కాబట్టి ఎగ్జాస్ట్, సరైన మాస్క్ తప్పవు. ముక్కలు కోసేటప్పుడు, గీకేటప్పుడు తడిగా చేయాలి. నేను పైన వాటర్ పేపర్, నీళ్లు అన్నది అందుకే.

సప్లయర్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఐదూ అడగండి. మాస్టర్‌బ్యాచ్‌లో నానోట్యూబుల శాతం ఎంత, ఏ ప్లాస్టిక్ ఆధారంగా చేసింది (పాలీప్రొపైలీన్‌ది ఏబీఎస్‌లో కలవదు). నిరోధం కొలిచింది నొక్కిన పలక మీదా, ఇంజెక్షన్ ముక్క మీదా. పలక మీది అంకె ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఏ తేమ దగ్గర కొలిచారు. మీ డైలో ఒక అరబస్తా పరీక్షకు ఇస్తారా. చివరిదానికి అవునంటేనే అడ్వాన్స్ గురించి మాట్లాడండి.